అరచేతిలో ఇమిడెడి ఫోను

(సంఘ వార్షికోత్సవ సభలో ఒక సభ్యుడు చేసిన ప్రసంగపాఠము)



ఈ సాయంకాలము ఏదైన నొక విషయమును గూర్చి అరగంటసేపు మాటలాడుమని కార్యదర్శిగారు నన్ను కోరినపుడు, అలవాటు చొప్పున నా మనస్సు మన కవుల వైపునకు పోయినది. కాని గత సంవత్సరము పోతనగారిని గూర్చియు, అంతకు ముందటి ఏట తిక్కనగారిని గూర్చియు పెద్దలు ఇదే వేదికనుండి ప్రసంగించియున్నారు. మూడవ కవిని నా చేతిలో పెట్టుటకు కార్యదర్శిగారికి ధైర్యము చాలినట్లు లేదు. "ఇంటిల్లిపాదికి పనికివచ్చేది ఏదైనా చెప్పండి" అనిరి. కనుక, ఇప్పుడు మీలో సగము మంది ఒడిలో పెట్టుకొని, నేను చూడకుండ చూచుకొనుచున్న వస్తువును గూర్చియే మాటలాడ నిశ్చయించుకొంటిని. అది సెల్‌ఫోను. అందులోను చిన్న ఫోను. పెద్ద ఫోనులే రాజ్యమేలుచున్న ఈ కాలమున చిన్నదానిని కోరుకొనువాని గతి ఏమి అనునది నా విషయము. పత్రికలవారు దీనిని చరవాణి యందురు. మంచి మాటయే గాని, మా వాట్‌గంజ్‌లో ఆ మాట అన్నచో కొట్టువాడు వీణ యనుకొనును.

ఈ వస్తువును గూర్చి మాటలాడుటకు కలకత్తాకంటె తగిన చోటు మన దేశమున లేదు. 1995 జూలై 31వ తేదీన ముఖ్యమంత్రి జ్యోతి బసుగారు ఇచ్చటి రైటర్స్ బిల్డింగు నుండి ఢిల్లీలోని కేంద్రమంత్రి సుఖ్‌రాంగారితో మాటలాడిరి. భారతదేశమున సెల్‌ఫోను మీద జరిగిన మొదటి సంభాషణ అదియే. ఆ రోజులలో నిమిషమునకు పదునారు రూపాయల వరకు పడెడిది. పిలిచినవానికే కాదు, పలికినవానికి కూడ. బంధువు ఫోను చేసినాడన్న గుండె గుభేలుమనెడి కాలమది.

అప్పుడు చిన్నదనమే దొరతనము. 1983లో అమెరికాలో అమ్మకమునకు వచ్చిన మోటరోలా డైనాటాక్ ముప్పాతిక కిలోకు పైగా బరువుండెను. దాని వెల 3,995 డాలర్లు. ఆ ఇటుకను చెక్కి చెక్కి చిన్నది చేయుటయే తరువాతి ఇరువది ఏండ్ల కథ. 1999లో వచ్చిన నోకియా 8210 బరువు 79 గ్రాములు మాత్రమే. ఎంత చిన్నదైన నంత ధర, అంత గొప్ప. 2003లో వచ్చిన నోకియా 1100ను ఎరుగనివారు ఈ సభలో ఉండరు. తలపై చిన్న దీపముండెడిది. కరెంటు పోయినపుడు మెట్లు దిగుటకు, దోమతెరలో దూరిన దోమను వెదకుటకు దానికి మించినది లేదు. ప్రపంచమంతట ఇరువదియైదు కోట్ల వరకు అమ్ముడుపోయినదని చెప్పుదురు. 86 గ్రాములు. చొక్కా జేబులో ఉన్నదో లేదో తడిమి చూచుకొనవలసి వచ్చెడిది.

కథ అడ్డము తిరిగినది మీటలు పోయి తెర వచ్చినపుడు. 2007లో వచ్చిన మొదటి ఐఫోను తెర మూడున్నర అంగుళములు. 2010లో స్టీవ్ జాబ్స్‌గారు చేతికి పట్టని ఫోనులను ఎవ్వరు కొనబోరని విలేఖరుల ముందు నిశ్చయముగ చెప్పిరి. మరుసటి ఏడే శాంసంగ్‌వారు గెలాక్సీ నోట్ అను 5.3 అంగుళముల ఫోనును తెచ్చిరి. లోకము నవ్వినది, చెవి దగ్గర పలక పెట్టుకొన్నట్లున్నదని హాస్యములు పుట్టినవి. నవ్వినవారే కొన్నారు. 2014 నాటికి జాబ్స్‌గారి సంస్థయే 5.5 అంగుళముల ఫోను అమ్మినది. 2024లో అదే సంస్థవారు తెచ్చిన పెద్ద ఫోను 6.9 అంగుళములు, 227 గ్రాములు. నోకియా 1100లు రెండు, వాటిపై మరియొకటి సగమునకు పైగా!

ఇచ్చట ఒక చిన్న లెక్క చెప్పవలసియున్నది. లెక్కల శాఖవాడను గనుక మన్నింతురు గాక. అంగుళములన్నవి తెరను మూలనుండి మూలకు కొలిచినవి. ఆ కర్ణపు కొలత చేతికి సంబంధించిన సంగతిని సరిగ చెప్పదు. పూర్వపు తెరలు వెడల్పుగ నుండెడివి. నేటివి సన్నగ, పొడవుగ నున్నవి. 2011లో అందరు నవ్విన ఆ నోట్ 5.3 అంగుళములు, 2020లో చిన్నదని పేరుపెట్టి అమ్మిన ఐఫోన్ 12 మినీ 5.4 అంగుళములు. కాగితముపై మినీయే పెద్దది! కాని నోట్ వెడల్పు 83 మిల్లీమీటర్లు, మినీ వెడల్పు 64. చేయి పట్టుకొనునది వెడల్పును, కర్ణమును కాదు. కాబట్టి కొట్టునకు పోయినపుడు అంగుళములు ఎన్ని అని అడుగవలదు. స్కేలు తీసుకొనిపోవుడు.

నేను స్కేలు తీసుకొని పోయితిని. ఎందులకు పోవలసివచ్చినదో చెప్పెదను.

మా అమ్మ శ్రీకాకుళం జిల్లాలో, టెక్కలికి దాపున నున్న మా గ్రామమున ఉన్నది. డెబ్బదియెనిమిది ఏండ్లు. కలకత్తా రమ్మన్న రాదు. ఇచ్చట ఎవరితో మాటలాడను అనును. మునిమనుమరాలి ముఖము చూచుకొనునని, నా తాహతుకు మించి ఒక పెద్ద ఫోను కొని పట్టుకొనిపోయి ఇచ్చితిని. అమ్మ దానిని రెండు చేతులతో అందుకొని, అటు ఇటు త్రిప్పి, "ఇదేటిరా నాయనా, అప్పడాల పీటలాగుంది" అన్నది. అందరము నవ్వితిమి. నేను కూడ నవ్వితిని.

అంతకు ముందు ఆమె వద్ద నుండిన పాత మీటల ఫోను ఎప్పుడును రొంటిని దోపుకొనియే యుండెడిది. చెరువునకు పోయినను, గుడికి పోయినను అది ఆమెతోనే. ఈ పీట రొంటిని నిలువదు. చేతిలో పట్టుకొన్న కీళ్ళవాతపు బొటనవ్రేలు నొప్పి. అందువలన దానిని దేవుని గూటి ప్రక్క బల్లపై, ఒక చేతిరుమాలు కప్పి, భద్రముగ పెట్టినది. కొడుకు కొన్న ఖరీదు వస్తువు కదా. పాతదానిని ఎవరికో ఇచ్చివేసినది.

ఒకనాటి తెల్లవారుజామున పెరటిలో కాలుజారి పడినది. తుంటి ఎముక విరిగినది. ఫోను ఇంటిలో, రుమాలు క్రింద. అరచినను ప్రక్క ఇంటివారికి వినబడలేదు. వారు పొలము పోయియుండిరి. దాదాపు రెండు గంటలు అట్లే యున్నది. పాలుపోయు పిల్లవాడు వచ్చి చూచినాడు. ఆ రెండు గంటలలో నేను రెండుమారులు ఫోను చేసితిని. రోజు చేయు వేళ అది. ఎత్తకపోవుటచే పూజలో నున్నది కాబోలు ననుకొని ఆఫీసునకు పోయితిని. విశాఖపట్టణమున శస్త్రచికిత్స జరిగినది. ఇప్పుడు కఱ్ఱ పట్టుకొని నడచుచున్నది. ఆస్పత్రిలో ఆమె నాతో అన్న మాట ఇది: "ఆ బుల్లిదుంటే పిలిచేదాన్ని గదరా." నిష్ఠురముగ అనలేదు. ఊరకే అన్నది.

అప్పటినుండి నాకు ఫోను పరిమాణము హాస్యపు విషయము కాలేదు.

మీటల ఫోనే మరల కొనియీయరాదా యని మీరడుగవచ్చును. నేనును అదే అంటిని. కాని మునిమనుమరాలిని చూచుట మరిగిన కన్నులు ఒప్పుకొనలేదు. ముఖము కనబడవలెను, రొంటిని ఇమడవలెను. ఈ రెండు షరతులతో నేను మా వాట్‌గంజ్ వీధులలో తిరుగుట మొదలిడితిని.

వాట్‌గంజ్ సంగతి ఇచ్చటివారికి చెప్పనక్కరలేదు. సంచిక చదువు పైయూరివారి కొరకు నాలుగు మాటలు. పదునెనిమిదవ శతాబ్ది చివర ఈస్టిండియా కంపెనీ ఇంజనీరు కర్నల్ హెన్రీ వాట్సన్ ఇచ్చట ఓడలు కట్టుటకు రేవు త్రవ్వించెను. వాట్సన్ గంజ్ క్రమముగ వాట్‌గంజ్ అయినది. 1892లో ఖిదిర్‌పూర్ రేవులు తెరచినారు. ఇటు గార్డెన్ రీచ్‌లో ఆగ్నేయ రైల్వే ప్రధాన కార్యాలయము. 2003 వరకు వాల్తేరు డివిజను ఆ రైల్వేలోనిదే యగుటచే మనవారెందరో బదిలీపై వచ్చి ఈ ప్రాంతములలో కాపురములు పెట్టినారు. ఇక రేవునకు అంటుకొనియే ఫాన్సీ మార్కెట్టు. ఒకప్పుడు ఓడలమీద వచ్చిన గడియారములు, ట్రాన్సిస్టర్లు, సెంటుబుడ్లు ఇచ్చట చేతులు మారెడివని పెద్దలు చెప్పుదురు. చిన్నవిగ, జేబులో దాగునవిగ ఉన్నందుననే ఆ వస్తువులకు ఇచ్చట గిరాకి! ఆ వీధిలోనే నేడు చిన్నది కావలెనన్న విచిత్రముగ చూచుచున్నారు.

నేను స్కేలు తీయగనే ఒక కొట్టు యజమాని నవ్వి, "దాదా, మీరు ఫోను కొంటారా, చొక్కా కుట్టిస్తారా?" అని హిందీలో అడిగెను. ఆరు అంగుళములకు లోపల క్రొత్తది చూపుమంటిని. లేదనెను. ఆరున్నరకు లోపల? వెదకి ఒకటి తీసెను. 2025లో మన దేశమున వన్‌ప్లస్‌వారు 6.32 అంగుళములదానిని చిన్న ఫోనని చెప్పి విడుదల చేసినారు, అట్టివి ఉన్నవి. 2011లో 5.3 అంగుళములు రాక్షసాకారము. పదునాలుగేండ్లలో 6.32 వామనావతారము!

ఆ యజమాని మంచివాడు. బేరము లేని వేళ అగుటచే టీ తెప్పించి తన అనుభవము చెప్పెను. చిన్నది ఉన్నదా యని అడుగువారు దినమునకు ఇద్దరైన వత్తురట. చూతురు, ముద్దుగ నున్నదందురు, ప్రక్కనున్న పెద్దదానిని కొనిపోవుదురు. "అడిగేది నోరు, కొనేది కన్ను" అనెను.

అది నిజమే యని పెద్ద సంస్థల చరిత్ర కూడ చెప్పుచున్నది. సోనీవారు 2014 నుండి కొన్ని యేండ్లు ఎక్స్‌పీరియా కాంపాక్ట్ అను మంచి చిన్న ఫోనులను చేసి మానుకొనిరి. 2020లో ఆపిల్‌వారి 12 మినీ వచ్చినది. 2021లో 13 మినీ వచ్చినది. ఆ మరుసటి యేట మినీ స్థానమున ప్లస్ అను పెద్దది వచ్చినది. 2023తో మినీ కథ ముగిసినది. ఏసుస్‌వారి జెన్‌ఫోన్ మూడు తరములు 5.9 అంగుళములతో వచ్చి, 2024లో ఒక్క గంతున 6.78 అయినది. 2022లో పెబుల్ గడియారము చేసిన ఎరిక్ మిగికోవ్‌స్కీ అను ఆయన, చిన్న ఆండ్రాయిడ్ ఫోను కావలెనను వారందరు సంతకములు చేయుడని లోకమునకు పిలుపు ఇచ్చినాడు. మన సంఘములో నీటికుళాయి కొరకు మహజరు పెట్టుకొన్నట్లే.

చిన్నది ఏల నిలువదు? ముఖ్యకారణము బ్యాటరీ. ఫోను పొడవును, వెడల్పును పదేసి శాతము తగ్గించినచో వైశాల్యము పందొమ్మిది శాతము తగ్గును. కాని కెమెరా తగ్గదు, ఛార్జింగు రంధ్రము తగ్గదు, లోపలి చిప్పులు తగ్గవు. తగ్గినదంతయు బ్యాటరీ భాగమునుండియే పోవలెను. ఉమ్మడి కుటుంబమున ఖర్చు తగ్గింపవలసివచ్చినపుడు కోడలి చీర మీద పడినట్లు! 12 మినీ బ్యాటరీ 2,227 మిల్లీ ఆంపియర్ గంటలు. నేడు సాధారణపు పెద్ద ఆండ్రాయిడ్ ఫోనులలో 5,000కు తక్కువ అరుదు. రెండవది ధర. చిన్నది చేయుటకు పెద్దదానికైనంత ఖర్చు ఇంచుమించుగ అగును. మనమో, గుడ్డ గజములలెక్కన కొనినట్లు, చిన్నది గనుక తక్కువకు ఇమ్మందుము. 12 మినీ మన దేశమున 69,900 రూపాయలతో మొదలైనది. ఆ ధరకు అంత చిన్నదా యని మనవారు పెదవి విరిచినారు. మూడవది నా ఊహ మాత్రమే: చిన్నదానిని ప్రేమించువాడు దానిని విడువడు. ఐదారేండ్లు అదే వాడును. అట్టివానిని నమ్ముకొని ఏ వర్తకుడు బ్రదుకగలడు?

చేతి సంగతి కూడ వినుడు. 2013లో స్టీవెన్ హూబర్ అను రూపకల్పన నిపుణుడు వీధులలోను, బస్సులలోను 1,333 మందిని గమనించినాడు. తెరను తాకుచు పనిచేయుచున్న 780 మందిలో 49 శాతము ఒక్క చేతితోనే పట్టి, ఆ చేతి బొటనవ్రేలితోనే పని జరుపుకొనుచుండిరి. మన మినీ బస్సులో ఒక చేత పైకమ్మి, ఒక చేత టిక్కెట్టు డబ్బులు, భుజమున సంచి. ఫోనునకు మిగులునది మూడు వ్రేళ్ళు. సంస్థలవారు ఇది ఎరుగనివారు కారు. తెరపైని బొమ్మనంతయు క్రిందికి కుదించి చూపు ఒంటిచేతి సదుపాయమును వారే కల్పించినారు. అనగా పెద్దదానికి డబ్బు పుచ్చుకొని, వాడునపుడు చిన్నది చేసికొమ్మని చెప్పినారు!

ఆడువారి చేతుల మాట వేరుగ చెప్పవలెను. సామాజిక శాస్త్రజ్ఞురాలు జైనెప్ తుఫెక్చి 2013లో ఇస్తాంబుల్ నిరసనల నడుమ తన ఫోనుతో ఒంటిచేత ఫోటో తీయలేకపోయిన సంగతి వ్రాసి, ఈ వస్తువులు మగవాని చేతికి చేసినవని ఆక్షేపించిరి. 2019లో కారొలైన్ క్రియాడో పెరెజ్ తన గ్రంథమున ఈ వాదమునే విస్తరించిరి. మన స్త్రీలకు చేతితోపాటు జేబు కూడ సమస్యయే. చీరకు జేబు లేదు.

ఇంతవరకు చెప్పి ఊరకున్నచో మా ఇంటిలో నాకు రాత్రి భోజనముండదు. మొదటి వరుసలో నున్న మా ఇంటివారు నా వాదమునకు మొదటి విరోధి. "మీకు కావాలంటే అగ్గిపెట్టెలో మాట్లాడుకోండి. నాకు అక్షరం కనపడాలి" అని ఆమె మాట. అందు న్యాయమున్నది. ఆంగ్లాక్షరములు ఒక వరుసలో నడచును. మన అక్షరమునకు పైన గుడి, క్రింద వత్తు, ఒక్కొక్కచో వత్తు క్రింద మరియొక వత్తు. ‘రాష్ట్రము’ అన్న మాట మూడంతస్తుల మేడ. దానిని చిన్నతెరపై చూపవలెనన్న, అక్షరమైన చిన్నది కావలెను, వరుసలైన తగ్గవలెను. నలువది దాటిన కంటికి రెండును కష్టమే. మన లిపిని మోయుట తెలివిగల యంత్రములకును తేలిక కాదు. 2018 ఫిబ్రవరిలో ‘జ్ఞా’ అన్న మన అక్షరపు ఒక రూపము సందేశముగ వచ్చినచో ఐఫోనులోని అప్లికేషన్లు కుప్పకూలినవి. ఆపిల్‌వారు ఆ నెలలోనే సవరణ పంపవలసివచ్చినది. జ్ఞానమునకు అంత బరువని అప్పుడు తెలిసినది.

మరియొకటి. మనలో చాలమందికి ఫోను ఒక్కటే తెర. కంప్యూటరు, టెలివిజను, పుస్తకము, బ్యాంకు అన్నియు అదియే. 2020లో బడులు మూసినపుడు ఇద్దరు పిల్లలు ఒక ఫోను ముందు కూర్చుండి పాఠములు వినిన ఇండ్లు ఈ వాట్‌గంజ్‌లోనే ఎన్నో. వారు పెద్దదానిని కోరుట విలాసము కాదు. ఇంట వేరే కంప్యూటరు ఉన్న నావంటివాడు చిన్న ఫోను కోరుట విలాసమే యనిపించుకొనవచ్చును. నా కోరిక ఒక్కటియే: పెద్దవి ఉండనిండు, కొట్టులో ఒక అర చిన్నవానికి కూడ మిగులనిండు. చెప్పులు అమ్మువాడు పదవ నంబరు ఒక్కటే చేయడు గదా!

మా అమ్మ విషయము ముగింపలేదు. ఆ యజమాని మూడవమారు పోయినపుడు నా మీద జాలిగొని, సొరుగునుండి వాడిన ఫోను నొకదానిని తీసెను. 2020 నాటి రకము. 4.7 అంగుళముల తెర, 67 మిల్లీమీటర్ల వెడల్పు, 148 గ్రాములు. క్రింద గుండ్రని మీట యొకటి. ఎచ్చట తప్పిపోయినను అది నొక్కిన ఇంటికి వచ్చును. ఆ మీట గల రకము 2025 ఫిబ్రవరితో ఆగిపోయినదట. బ్యాటరీ మార్పించి, అక్షరములు పెద్దవి చేయించి, పేర్ల బదులు ముఖముల ఫోటోలు పెట్టి పట్టుకొనిపోయితిని. అమ్మ దానిని ఒక చేతితో అందుకొన్నది. ఏమియు అనలేదు. మా చెల్లెలు చీరముక్కతో చిన్న సంచి కుట్టినది. అది ఇప్పుడు రొంటిని ఉన్నది. ఉదయము నేను ఫోను చేసినపుడు రెండవ మ్రోతకే ఎత్తుచున్నది. వెనుకనుండి పెరటిలోని కాకుల అరపులు కూడ వినవచ్చుచున్నవి.

ఐతే అది పాతబడుచున్న యంత్రము. 2025 మే నెలలో వాట్సాప్‌వారు కొన్ని పాత ఐఫోనులలో తమ సేవను నిలిపివేసినారు. దీని వంతు ఎప్పుడైనను రావచ్చును. అందువలన నా విన్నపము. మీ ఇండ్లలో, పాత తాళపుచెవుల సొరుగులలో, ఐదంగుళములకు లోపలి ఫోను ఏదైన పడియున్నచో, పగిలినదైనను సరియే, బ్యాటరీ ఉబ్బినది మాత్రము వలదు, టీ సమయమున దయచేసి నాతో చెప్పుడు. వెల ఇచ్చుకొందును. స్కేలు నా జేబులోనే యున్నది.